ఎడమ సీట్లో ఇసుక మూట

ఎవరి పిచ్చి వారికానందం అంటారు. గ్రైండరు పిచ్చి మాత్రం వీధి మొత్తానికీ పంచిపెట్టినా ఇంకా మిగిలేది.

గ్రైండరు అంటే మిషను కాదు, మనిషి. ఇనుప గేట్లూ కిటికీ గ్రిల్లులూ చేసే వెల్డరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉందిగానీ, ఉత్తరాలు తెచ్చే పోస్టుమాన్ తప్ప దాన్ని ఎవరూ వాడలేదు; ఆయన రిటైరయ్యాక అదీ పోయింది. పొద్దున లేచింది మొదలు షెడ్డులో గ్రైండింగ్ మిషను గీపెడుతూనే ఉంటుంది కాబట్టి, మిషన్నీ మనిషినీ విడదీసి చూసే ఓపిక వీధిలో ఎవరికీ లేకపోయింది. అతనూ ఆ పేరుకి ఇట్టే పలికేవాడు. గుండ్రటి మొహం, గుబురు మీసం, మోచేతుల దాకా నిప్పురవ్వలు పెట్టిన మచ్చలు. నవ్వాడంటే షెడ్డు రేకులు కదులుతాయని అతని అత్త ఆరోపణ.

ఆ అత్త స్వయానా మేనత్త. ఆవిడ కూతుర్నే చేసుకున్నాడు. అందుకని భార్య అతన్ని "బావా" అంటుంది, అత్త "ఒరేయ్" అంటుంది, బావమరిది పని పడినప్పుడు మాత్రమే ఏదో ఒకటి అంటాడు. భార్య ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. వీధికి ఆవిడ టైలరమ్మ. ఆ గది కిటికీ సరిగ్గా షెడ్డులోకి తెరుచుకుంటుంది కాబట్టి, గ్రైండరు చేసే ఏ పనికైనా ఒక సాక్షి ఎప్పుడూ ఉంటుంది.

పనిలో అతను మహా చాదస్తుడు. గేటు కొలతకి వెళ్ళాడంటే టేపు తీసే ముందు ఇంటివాళ్ళని కూర్చోబెట్టి విచారణ మొదలుపెడతాడు. "మీ బీరువా ఎంత ఎత్తు? రేపు పెద్ద ఫ్రిజ్ కొంటారా? సోఫా అడ్డంగా పడుతుందా, నిలువుగా తిప్పాలా?" గేటు కావాలన్న పాపానికి ఇంటావిడ సామానంతా గుర్తు చేసుకుని అప్పజెప్పాల్సి వచ్చేది. అయితే అతను పెట్టిన గేటులో ఇంతవరకు ఏ సామానూ ఇరుక్కోలేదు. ఆ సంగతి అతనే అందరికీ చెప్పుకునేవాడు.

ఇక రెండో పిచ్చి జీపు. పాతది, టాపు లేనిది, నాలుగు చక్రాలూ కలిసి లాగేది. ఊరి బయట కొండ మీదికి బండరాళ్ళూ బురదా వాగూ కలిసిన బాట ఒకటి ఉంది. ఆదివారం వస్తే అలాంటి బళ్ళున్న నలుగురైదుగురు కలిసి ఆ బాటన పడి పైకెక్కుతారు, పైన ఏమీ లేదని కళ్ళారా చూసుకుంటారు, మహా సంతోషంగా కిందికి దిగుతారు. ఎందుకెక్కారని అడగకూడదు. అడిగితే సాయంత్రం దాకా చెబుతారు.

టైలరమ్మ ఆ జీపుని "నా సవతి" అనేది. కోపంతో కాదు, ఇంట్లో ఇంకో మనిషిని లెక్కపెట్టినట్టు. "నా సవతికి స్నానం అయిందా? అయితే కాస్త కూరలు తెచ్చిపెట్టు" అని కిటికీలోంచి అడిగేది. మొదట్లో సవతి పక్కన తనూ కూర్చుని ఒకటి రెండుసార్లు కొండకి వెళ్ళింది కూడా. ఆ తర్వాత ఒక ఆదివారం, వాగు దాటి ఒడ్డెక్కుతుండగా, ఎడమ సీటు ముందున్న ఫ్లోరు బిస్కెట్టులా విరిగి ఆవిడ కాలు పిక్క దాకా కిందికి దిగిపోయింది. బండి నత్తనడకన పోతోంది కాబట్టి సరిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి, "ఆ సీట్లో మళ్ళీ కూర్చుంటే చూడు" అంది. అంతే, మళ్ళీ కూర్చోలేదు.

గ్రైండరు ఆ కథని పదిమందిలో చెప్పి నవ్వించేవాడు. "మా ఆవిడ బ్రేకు నా మీద వదిలెయ్యలేక, తనే నేలకి కాలానించి ఆపేసింది" అనేవాడు. కథ బాగానే పండేదిగానీ, ఎడమ సీటు మాత్రం ఖాళీ అయిపోయింది. కొండవాలులో బండి ఒక పక్కకే ఒరుగుతుంటే బరువు సరిచేయడానికి ఆ సీట్లో ఒక ఇసుక మూట పెట్టి తాడుతో కట్టాడు. తోటి జీపులవాళ్ళు ఆగి, మూట వంక చూసి, "వదిన బాగున్నారా?" అని పలకరించేవారు. మిగతావాళ్ళతో పాటు గ్రైండరు కూడా నవ్వేవాడు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మాత్రం, పక్కన మాటా పలుకూ లేని మూటని చూస్తే అతనికి ఏదోలా ఉండేది.

ఇలా ఉండగా ఆ జీపులవాళ్ళకి ఒక బుద్ధి పుట్టింది. వచ్చే నెల మొదటి ఆదివారం అందరూ కుటుంబాలతో రావాలి, కొండ మీద చదునుగా ఉన్న బండ దగ్గర కలిసి భోంచేయాలి అన్నారు. "మరి నువ్వో? మూటతోనేనా?" అని ఎవరో అడిగారు. గ్రైండరు నోరు అతని బుర్రకంటే ఎప్పుడూ ఒక అడుగు ముందే ఉంటుంది. "ఈసారి మా ఇంటావిడని ఎడమ సీట్లో కూర్చోబెట్టి తీసుకొస్తా. తీసుకురాకపోతే మళ్ళీ కొండెక్కను" అనేశాడు. అనేసి ఇంటికొచ్చాడు, ఇంటావిడతో తప్ప అందరితోనూ చెప్పాడు.

ఆ మర్నాడే జీపుని షెడ్డులో పెట్టి పని మొదలుపెట్టాడు. బావమరిది బళ్ళకి రంగులేసే పెయింటరు. ఎంతటి బండినైనా పెళ్ళికూతుర్ని చేస్తానంటాడు. అతని సిద్ధాంతం ఒకటే. "తుప్పు మీద పుట్టీ పెట్టు బావా, పుట్టీ మీద పెయింటు కొట్టు, పెయింటు మీద మనం కూర్చుందాం. లోపల ఏముందో ఎవడు చూస్తాడు?"

"మీ అక్క కాలు చూసింది" అన్నాడు గ్రైండరు. "పైన పటారం, లోన లొటారం అయితే కుదరదురా."

చిన్న సుత్తి పట్టుకుని జీపు చుట్టూ తిరిగాడు. ఇనుము బతికుంటే టంగుమంటుంది. తుప్పు తినేసిన చోట అట్టపెట్టె మీద కొట్టినట్టు చప్పగా ఉంటుంది. చప్పగా పలికిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశాడు. గీసి గీసి చూస్తే బండి నిండా ముగ్గే. రబ్బరు మ్యాటు లేపితే అసలు దొంగ దొరికాడు. నీళ్ళు పైన పడితే ఆరిపోతాయి. మ్యాటు కింద పడితే కాపురం పెడతాయి. ఫ్లోరు సగం పైగా పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. బాడీని ఛాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్లలో రెండు, స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే అవతలికి వచ్చేశాయి. అది చూశాక గ్రైండరు కాసేపు నవ్వలేదు.

ఆ తర్వాత అతన్ని పట్టేవాడు లేడు. బ్యాటరీ వైర్లు ఊడదీశాడు. పెట్రోలు ట్యాంకు దించి దూరంగా గోడవతల పెట్టించాడు. తడిపిన గోతాలూ ఇసుక బకెట్టూ పక్కన పెట్టుకున్నాడు. కుళ్ళిన రేకుని, కాస్త కూడా మొహమాటపడకుండా, మెరిసే ఇనుము కనిపించేదాకా కోసి పారేశాడు. కొత్త రేకు కొలిచి వంచి అమర్చాడు; ఒకచోటే వేడి పట్టి రేకు మెలిదిరక్కుండా, ఇక్కడో చుక్క అక్కడో చుక్క వెల్డింగు పెట్టుకుంటూ పోయాడు. అతుకుల్లోకి నీళ్ళు దిగకుండా సీలెంటు పూశాడు, దిగినా పోయేందుకు కింద రంధ్రాలు వదిలాడు. బ్రాకెట్లు మందపాటి రేకుతో కొత్తవే చేశాడు. మధ్య మధ్య పాటలు పాడాడు. ఆ పాటలకంటే మిషనే నయమని వీధి ఒప్పుకుంది.

ఫ్లోరు పూర్తయి, ప్రైమరు ఆరి, రంగు పడ్డాక భార్యని చేయి పట్టుకుని తీసుకొచ్చాడు.

"తొక్కి చూడు" అన్నాడు.

ఆవిడ బయటే నిలబడి ఒక కాలు లోపల పెట్టి తొక్కింది. ఇంకా గట్టిగా తొక్కింది. ఫ్లోరు ఉలకలేదు, పలకలేదు.

"గట్టిగానే ఉంది" అంది.

"మరి కూర్చో."

"కూర్చోను."

"ఇంకేం భయమే? లారీ ఎక్కించినా ఆగుతుంది."

"నాకు భయమని ఎవరు చెప్పారు బావా?" అంది టైలరమ్మ. చేతిలో ఉన్న కత్తెర మూసింది. "ఆ రోజు నా కాలు కిందికి దిగిపోయినప్పుడు నువ్వు మొట్టమొదట ఏమన్నావో గుర్తుందా?"

"అయ్యో అన్నాను."

"'అయ్యో, ఫ్లోరు' అన్నావు."

గ్రైండరు వంగి కొత్త ఫ్లోరు వంక చూశాడు.

"బండి దిగి, వంగి, చిల్లు ఎంతుందో జేనతో కొలిచావు. నా కాలు ఆ చిల్లులోనే ఉంది" అంది ఆవిడ. కోపంగా అనలేదు, గుండీ ఊడిందని చెప్పినట్టు చెప్పింది. చెప్పేసి వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

గ్రైండరుకి ఆ కథని ఎన్ని చోట్ల చెప్పాడో, ఎన్నిసార్లు నవ్వించాడో అన్నీ వరసగా గుర్తొచ్చాయి. కొలిచిన మాట నిజమే. రేకు ఎంత పట్టుద్దో అని కొలిచాడు. తిన్నగా అత్త దగ్గరికెళ్ళి సంగతంతా చెప్పుకున్నాడు.

అత్త బట్టలు మడత పెడుతూ విన్నది. "ఇనుముకి ఇనుము అతుకుతావు. మాటకి ఏ రాడ్డుతో అతుకుతావురా?" అంది.

"నువ్వే చెప్పు అత్తా."

"నాకు తెలిస్తే మీ మామతో ఇన్నేళ్ళు ఎందుకు దెబ్బలాడతాను?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం గ్రైండరు. మాటని ఏం చేయాలో తెలియలేదుగానీ, చేతులు ఊరుకోలేదు. చేతనైంది ఇనుమే కాబట్టి దాన్నే నమ్ముకున్నాడు. ఎడమ సీటుకి లేని భద్రత అంటూ ఏదీ మిగలకుండా చేస్తానని పంతం పట్టాడు. బండి బోల్తా పడినా మనిషి నలిగిపోకుండా సీట్ల వెనకాల మందపాటి గొట్టంతో రోల్ బారు నిలబెట్టాడు. దాన్ని ఉత్త ఫ్లోరుకి కాక, కింద ఛాసిస్‌కి ప్లేట్లు వేసి బోల్టులతో బిగించాడు. ఆ బోల్టులు జన్మలో వదులు కాకూడదని తలకాయలకి ఒక్కో చుక్క వెల్డింగు కూడా పెట్టాడు. రెండు సీట్లకీ భుజం మీదుగా వచ్చే బెల్టులు పెట్టాడు. ఎడమ పక్క ముందు, పట్టుకోవడానికి ఒక పిడి బిగించాడు. భార్య చేతికి అందేలా, ఆవిడ లేనప్పుడు ఆవిడ కుట్టుకుర్చీలో కూర్చుని, చేయి చాపి, ఆవిడ చేయి ఎంతుంటుందో ఊహించుకుంటూ కొలత తీశాడు. అది కిటికీలోంచి చూసిన వాళ్ళు గ్రైండరుకి ఎండదెబ్బ తగిలిందనుకున్నారు.

బావమరిది మాత్రం ఏనుగు కాళ్ళంత టైర్లు వేద్దామన్నాడు. ముందు లైట్ల వరస, పైన లైట్ల వరస, బండి ఆకాశానికి లేవాలన్నాడు.

"ఎత్తు పెరిగితే పొంగేది మనం, దొర్లేది బండి" అన్నాడు గ్రైండరు. "కింద రాయి తగలకుండా కాస్త లేపుదాం, అంతే." స్ప్రింగు పట్టీల్లో ఒక్కొక్కటి అదనంగా వేసి, అరచేతి మందం మాత్రం లేపాడు. బండి లేస్తే బ్రేకు గొట్టాలు లాగుకుపోతాయని వాటినీ పొడుగువి మార్చి, చక్రం పూర్తిగా కిందికి వేలాడినా గొట్టం వదులుగానే ఉందని పడుకుని మరీ చూశాడు.

విచిత్రం ఏమిటంటే, కూర్చోనన్న మనిషే సీటు కవర్లు కుట్టింది. రోల్ బారుకి మెత్తటి స్పాంజి చుట్టి తొడుగు కూడా కుట్టింది. "ఇదేంటే?" అని గ్రైండరు ఆశగా అడిగితే, "సవతైనా బట్టలు కట్టుకోవాలిగా" అంది. అతను ఆ రోజంతా ఎగురుతూనే ఉన్నాడు. బావమరిది వచ్చి, "అక్క ఒప్పుకుందా?" అంటే, "కుట్టు నీటుగా వేసింది" అన్నాడు, అదే జవాబన్నట్టు.

ఆదివారం రానే వచ్చింది. గ్రైండరు కొత్త చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని, బండి వీధిలో పెట్టి భార్యని ఇంకోసారి అడుగుదామని జీపు స్టార్ట్ చేసి, రివర్సు గేరు వేశాడు. బండి హుందాగా వెనక్కి కదిలి, షెడ్డు గుమ్మం దగ్గర టంగుమని ఆగిపోయింది.

ఆ టంగు విన్న ఎవరికైనా అక్కడ ఇనుము బతికే ఉందని తెలిసిపోతుంది.

షెడ్డు గుమ్మానికి అడ్డంగా, పైకప్పుని మోసే ఇనుప దూలం ఉంది. రోల్ బారు దానికి తగిలింది. గ్రైండరు దిగి చూశాడు, టేపు పెట్టి చూశాడు, టేపు తిప్పి పెట్టి చూశాడు. రోల్ బారు పెట్టే ముందు దూలం కొలత తీసుకున్నాడు, అది అబద్ధం కాదు. కాకపోతే అప్పుడు బండికి చక్రాలు లేవు, చెక్కదిమ్మల మీద కూర్చుని ఉంది. ఆ తర్వాత చక్రాలెక్కాయి, స్ప్రింగు పట్టీలు పెరిగాయి. ఊళ్ళోవాళ్ళ బీరువాల ఎత్తులన్నీ కంఠతా వచ్చిన మనిషి, తన జీపుని తన షెడ్డులోనే బందీ చేసుకున్నాడు.

కబురు వీధి చివరిదాకా పోవడానికి ఎంతసేపు. పిండిమర ఆయన మర ఆపేసి వచ్చాడు. రిటైరైన పోస్టుమాన్ వచ్చాడు. డాన్సు టీచరు పిల్లలకి సెలవిచ్చి మరీ వచ్చింది. "సోఫా అయితే నిలువుగా తిప్పేవాళ్ళం" అన్నాడు పోస్టుమాన్, ఎంతో సానుభూతిగా.

బారు ఊడదీద్దామంటే బోల్టులకి వెల్డింగు చుక్కలున్నాయి, అవి కోసి మళ్ళీ బిగించేసరికి పొద్దుపోతుంది. దూలం కోద్దామంటే పైకప్పు నెత్తిన పడుతుంది. టైర్లలో గాలి తీసేశారు. కొంత దిగింది, ఇంకా రెండు వేళ్ళ మందం మిగిలింది.

"బరువు కావాలి" అన్నాడు గ్రైండరు. "స్ప్రింగులు కుంగాలి. వెనకాల ఎవరైనా కూర్చోవాలి."

అంతకంటే గొప్ప ఆహ్వానం వీధికి ఎప్పుడూ రాలేదు. అందరికంటే బరువైనవాడు బావమరిది కాబట్టి అతను అన్నిటికంటే వెనకాల కూర్చున్నాడు. పిండిమర ఆయన ఒళ్ళో పిండిబస్తా పెట్టుకుని ఎక్కాడు. అత్త, "నన్ను తక్కువంచనా వేయొద్దు" అని చీర కుచ్చిళ్ళు పైకి దోపి ఎక్కింది. బండి మర్యాదగా కాస్త కుంగింది. పోస్టుమాన్ ఎక్కాడు. డాన్సు టీచరు కూడా ఎక్కిందిగానీ, ఆ పుల్లలాంటి మనిషి ఎక్కినట్టు స్ప్రింగులకి తెలియనే లేదు. ఎందుకైనా మంచిదని ఎడమ సీట్లో మళ్ళీ కట్టి ఉంచిన ఇసుక మూటని విప్పి అదీ వెనక్కి చేరవేశారు.

గ్రైండరు స్టీరింగు పట్టుకున్నాడు. వెనకనున్న బావమరిదిని దూలం చూడమన్నాడు. బావమరిది "రా, రా, రా" అన్నాడు. మళ్ళీ టంగుమంది. "రా అన్నావు కదరా" అంటే, "వస్తున్నావు కదాని అన్నా" అన్నాడు.

తేలిందేమిటంటే, సందు చూసే కన్ను గ్రైండరుకి తప్ప ఎవరికీ లేదు. అతను కింద నిలబడాలి. మరి నడిపేదెవరు? బావమరిది లేస్తే వెనక భాగం లేస్తుంది. పోస్టుమాన్‌కి సైకిలే వచ్చు. పిండిమర ఆయన బస్తా కింద ఇరుక్కుపోయాడు.

"మా నాన్న బ్రెడ్డు వ్యాను పెళ్ళికి ముందు పొద్దున్నే తిప్పింది ఎవరనుకున్నావు?" అంది టైలరమ్మ, కిటికీలోంచి.

వీధి మొత్తం అటు తిరిగింది. ఆవిడ చేతిలోని బట్ట పక్కన పెట్టి, మెడలోని టేపు తీసి కుర్చీకి తగిలించి, బయటికొచ్చింది.

"ఆ సీట్లో కూర్చోనన్నావుగా" అన్నాడు గ్రైండరు, ఆశ్చర్యంతో.

"ఆ సీట్లో కూర్చోను. ఇది వేరే సీటు. తప్పుకో" అని ఎక్కి, సీటు ముందుకి జరుపుకుని, బెల్టు పెట్టుకుంది. అన్నీ ఎక్కడున్నాయో ఆవిడకి తెలుసు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. నవ్వితే స్ప్రింగులు ఊగుతాయి. ఊగితే బారు లేచి దూలానికి కొట్టుకుంటుంది. "ఎవరూ నవ్వొద్దు" అన్నాడు గ్రైండరు. నవ్వొద్దంటే వచ్చే నవ్వు గురించి చెప్పేదేముంది. మొదట అత్త భుజాలు కదిలాయి. బండి పైకీ కిందికీ ఆడింది. "అమ్మా, ఏదైనా బాధాకరమైన సంగతి తల్చుకో" అన్నాడు బావమరిది. "నిన్ను చూస్తూనే ఉన్నానురా" అంది అత్త. దాంతో పిండిమర ఆయన బస్తాలో మొహం దాచుకున్నాడు, తెల్లగా తేలాడు, ఆ తెల్ల మొహం చూసి డాన్సు టీచరు కూడా జారిపోయింది. బండి ఉయ్యాల అయింది. టైలరమ్మ ఒక్కతే నవ్వకుండా, క్లచ్చి మీద కాలు నొక్కిపెట్టి, ఆ ఊగిసలాట తగ్గేదాకా ఓపిగ్గా కాచుకుంది. అందరూ ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన ఆ ఒక్క క్షణంలో, సూదిలోకి దారం ఎక్కించినట్టు, బండిని వెనక్కి వదిలింది.

"రా" అన్నాడు గ్రైండరు. "ఇంకొంచెం. ఆగు. రా. వచ్చేయ్."

బారు దూలం కిందినుంచి, తొడుగు మీది కుట్టు కూడా చెదరకుండా బయటపడింది. జీపు వీధిలోకొచ్చి నిలబడింది. అప్పటిదాకా బిగబట్టిన నవ్వంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. అత్త దిగలేక దిగలేక నవ్వుతూ దిగింది. ఒక్కొక్కరు దిగుతుంటే బండి ఒళ్ళు విరుచుకుంటున్నట్టు పైకి లేచింది. బావమరిది, పోస్టుమాన్ కలిసి ఇసుక మూటని కూడా దించి గోడవారన పడేశారు.

టైలరమ్మ మాత్రం దిగలేదు. "టైర్లలో గాలి కొట్టించాలిగా" అంది. "ఎక్కు."

గ్రైండరు అలవాటుగా కుడిపక్కకి నడిచాడు. అక్కడ ఆవిడ ఉంది. ఇటు తిరిగొచ్చి, తన చేతులతో బాగుచేసిన ఎడమ సీట్లో, మొదటిసారి కూర్చున్నాడు. కూర్చుని, పాదాలు పూర్తిగా ఆనించే ముందు ఒక్క లిప్త ఆగాడు. తనే కోసి తనే అతికిన ఫ్లోరు. అయినా చేతిలో స్టీరింగు లేకపోతే కాలు కింద ఏముందోనని అనిపిస్తుందని అతనికి అంతవరకు తెలియదు.

గాలి కొట్టే దుకాణం వీధి మలుపులో ఉంది. మెత్తబడిన టైర్లతో బండి మెల్లగా పోతోంది. మలుపు దగ్గర గుంత వచ్చింది. బండి ఎగిరింది. భార్య చేతికి అందాలని బిగించిన పిడి, గ్రైండరు మోకాలికి సూటిగా తగిలింది.

టైలరమ్మ నడిరోడ్డు మీద బండి ఆపేసింది. చక్రం వంక చూడలేదు, పిడి వంక చూడలేదు. అతని వైపు పూర్తిగా తిరిగి, "తగిలిందా?" అంది.

గ్రైండరు పిడి వంకా, ఆవిడ వంకా చూశాడు. వెనకాల ఎవరిదో బండి హారను కొట్టింది.

"బావా, మోకాలికి తగిలిందా అంటున్నా."

"నీకు..." అన్నాడు. "ఆ రోజు నీ కాలికి బాగా తగిలిందా?"

"తగిలింది" అంది టైలరమ్మ. "రేకు గీసుకుపోయింది. మిషను తొక్కలేక కొన్నాళ్ళు చేత్తోనే కుట్టాను."

క్లచ్చి మీదున్న కాలి మీద, కాస్త పైకి జరిగిన చీర అంచు కింద, పొడుగాటి మచ్చ. ఆ మచ్చని అతను ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాడు. ఎప్పటిదో చిన్నప్పటిది అనుకున్నాడు. వంగి, బెల్టు లాగుతున్నా వంగి, దాని మీద చేయి వేశాడు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆవిడ తన మోకాలి సంగతి అడిగినందుకు పట్టరాని సంతోషమూ వేసింది. మూడూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక నవ్వేశాడు. ఈసారి ఆవిడ కూడా నవ్వింది. వెనకాల హారన్లు రెండయ్యాయి, మూడయ్యాయి.

"తప్పయిందే" అన్నాడు.

"తెలిసింది, కాలు వదులు. గేరు వెయ్యాలి" అంది ఆవిడ.

గాలి కొట్టించాక ఆవిడ బండిని ఇంటివైపు కాక కొండవైపు తిప్పింది. కొండ మీదికి అందరికంటే ఆలస్యంగా చేరారు. జీపులవాళ్ళు అప్పటికే బండ మీద దుప్పట్లు పరిచి, వస్తాడా రాడా అని మాట్లాడుకుంటున్నారు. వాగు ఒడ్డు ఎక్కి జీపు కనపడగానే అందరూ ఎడమ సీటు వంక చూశారు. అక్కడ గ్రైండరు కూర్చుని ఉన్నాడు.

"ఇదేంటి? వదినని తీసుకొస్తానన్నావు" అన్నారు.

"తనే తీసుకొచ్చింది నన్ను" అన్నాడు గ్రైండరు, కుంటుకుంటూ దిగి. తర్వాత, ఎవరూ అడక్కపోయినా, ఫ్లోరు విరిగిన రోజు కథ మొదటినుంచీ చెప్పాడు. ఈసారి అందులో భార్య కాలు ఉంది.